కింది వరుసలో మూడో పేరు

బీరంగూడ,
ఆదివారం

అక్కయ్యా,

నీకూ బావగారికీ నమస్కారాలు. అమ్మ కంటికి కట్టు విప్పారా? చుక్కల మందు మూడు పూటలా పడుతోందా? తొందరపడి తలస్నానం చేయించకు, ఆవిడ అడిగినా సరే. పిల్లల పరీక్షలు ఎలా రాశారు? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయేదంతా కోపంతో రాస్తున్నాను. చదివి నాకేదో అయిందనుకుంటావేమో. ఏమీ కాలేదు. అన్నం తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను, ఒళ్ళు బాగుంది. కోపమే దిగడం లేదు.

వానలు మొదలయ్యాయి. వాన పడ్డ రోజున బొల్లారంలో కంపెనీ బస్సు దిగగానే మందుల ఫ్యాక్టరీల వాసన నేల మీదే పరుచుకుని ఉంటుంది. ఇంటికొచ్చి తల దువ్వుకుంటే దువ్వెనకు కూడా అదే వాసన. మా ఆయనకు ప్లాంటులో షిఫ్టు మారింది, ఇద్దరం కలిసి అన్నం తినేది ఆదివారమే. నన్ను ల్యాబులో సీసాలు కడిగే పని నుంచి శాంపిళ్ళు తూచే పనిలోకి మార్చారు. పని నచ్చింది. రెండేళ్ళవుతున్నా ఈ కాలనీలో నోరారా మాట్లాడటానికి ఒక మనిషి లేదని రాసేదాన్ని కదా, ఆ దిగులు ఈ మధ్య కాస్త తగ్గింది. తగ్గడం వల్లే ఈ తగాదా అంతా వచ్చింది.

నాన్న పేరు దొరికిందని పోయిన నెల ఫోనులో చెబితే నువ్వు నమ్మలేదు. ఫోను బూతులో నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు, నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. మొదటి నుంచీ రాస్తాను.

మా ల్యాబులో యాదమ్మ అని ఒకామె ఉంది. ఆమెది పటాన్‌చెరు దగ్గర లక్డారం. బస్సులో నా పక్కన కూర్చుంటుంది. ఒకరోజు పాత సినిమాల మాట వస్తే, "మా మామకు గదే పిచ్చి అక్కా. దుబాయికెల్లి పళ్ళెమంత డిస్కులు దెచ్చిండు. ఐతారం వొస్తే నలుగురు కూడి అవే సూస్తరు" అంది. నాకు అప్పటికప్పుడే దిగి వెళ్ళాలనిపించింది.

ఆ వారమే వెళ్ళాను. ఆమె మామగారి పేరు లక్ష్మారెడ్డి. అరవై దాటాయి. పొలం చేసుకునే మనిషి, మధ్యలో ఏడేళ్ళు దుబాయిలో పనిచేసి వచ్చాడు. అక్కడ మన సినిమాలు అద్దెకిచ్చే కొట్టు మూసేస్తుంటే, పారేయబోయిన లేజర్ డిస్కుల్నీ వాటిని ఆడించే మిషన్నీ మోసుకొచ్చాడు. నలభై దాకా ఉంటాయి. గ్రామఫోను రికార్డుల్లా పెద్దవి, అద్దంలా మెరుస్తాయి. ఒక వైపు గంట సినిమా ఆడితే తిప్పి వేసుకోవాలి, పెద్ద సినిమాకు రెండో డిస్కు కూడా ఉంటుంది. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం చేసినవట, సినిమా మొదటి నుంచి చివరిదాకా కత్తిరించకుండా ఉంటుంది.

ఆయన చుట్టూ ఒక చిన్న గుంపు చేరింది. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు, ఫ్యాక్టరీలో వెల్డరు ఒకరు, బీరంగూడలో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్న సుధాకర్. డిస్కులు పాడైపోకముందే వాటిలోని సినిమాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, డీవీడీలుగా చేసి దాచాలని వీళ్ళ పట్టుదల. ఆ డిస్కులు లోపల్లోపలే కుళ్ళిపోతాయట. తెర మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు మొదలవుతాయి. "రెండు రేకులు గమ్ముతోటి అతికిచ్చిండ్రు బిడ్డా. ఆ గమ్మే లోపట ఖరాబైతుంది. జల్దీ ఎక్కించకుంటే ఒక్కటి గూడ మిగలది" అన్నాడు లక్ష్మారెడ్డి. అప్పటికే తొమ్మిది డిస్కులు ఆడటం మానేశాయి.

"మీ నాయన ఏం పని జేస్తుండె?" అని ఆయనే అడిగాడు. నాటకాల తెరల మీద బొమ్మలు వేసేవాడని, రెండేళ్ళు మద్రాసులో ఉండి ఒక సినిమాకు వెనక తెరలు రాశాడని చెప్పాను. సినిమా పేరు చెప్పగానే లేచి లోపలికి వెళ్ళి డిస్కు పట్టుకొచ్చాడు. 

నీకు గుర్తుండే ఉంటుంది అక్కయ్యా. బాబాయి ఇంట్లో ఆ సినిమా సీడీ పెట్టినరోజు అమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. నాన్న పేరు తెర మీద వస్తుందని ముందు వరుసలో కూర్చుంది. సీడీ కంపెనీవాళ్ళు పేర్లన్నీ ఎత్తేసి, తమ కంపెనీ గుర్తు ఒకటి తిప్పి, నేరుగా కథలోకి వెళ్ళిపోయారు. బాబాయి పది మంది ముందు నవ్వాడు. "అన్నయ్య మద్రాసులో ఇడ్లీలు తిని వచ్చాడు వదినా. సినిమా లేదు, గినిమా లేదు" అన్నాడు. నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. అమ్మ మళ్ళీ ఆ సినిమా ఊసే ఎత్తలేదు. నువ్వు మరిచిపోయి ఉంటే ఉండొచ్చు, నేను మరిచిపోలేదు.

లక్ష్మారెడ్డి డిస్కు వేశాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పెద్ద పెద్ద పేర్లు అయిపోయాక, చిన్న అక్షరాల్లో తెరలు రాసినవాళ్ళ పేర్లు. అట్టడుగున ఒకే వరుసలో మూడు. మూడోది, కె. వీరభద్రం.

నేను గట్టిగా అరిచానట. నాకు తెలియదు, యాదమ్మ చెప్పింది. ఆపమని అడిగితే, "గీ రకం డిస్కు బొమ్మను నిలవెట్టది బిడ్డా. మళ్ళ ఏస్త, సూడు" అన్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ మళ్ళీ వేశాడు. నాలుగు సెకన్లుంటుంది ఆ పేరు. ఎన్నిసార్లు వేశాడో గాని, ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇదంతా బాగుంది కదా. ఇక్కడి నుంచే నా ఒళ్ళు మండటం మొదలవుతుంది.

సుధాకర్ ఆ డిస్కును డీవీడీ చేస్తానన్నాడు. మర్యాదస్తుడిలాగే ఉండేవాడు. పాత సినిమాలంటే ప్రాణమని, డబ్బులేమీ వద్దని అన్నాడు. నేను నమ్మాను. డిస్కులు, మిషను ఆటోలో పెట్టించుకుని వెళ్ళాడు. మూడు వారాలకు డీవీడీలు చేసి, డిస్కులతో సహా తెచ్చాడు. అందరం లక్ష్మారెడ్డి ఇంట్లో కూర్చున్నాం. మా ఆయన కూడా ఆ ఆదివారం వీలు చేసుకుని నాతో వచ్చారు, మామగారి పేరు చూద్దామని.

పేర్లు మొదలయ్యాయి. తెర అడుగున పసుపు రంగు పట్టీ ఒకటి, అందులో సుధాకర్ కంప్యూటర్ సెంటర్ పేరు, ఫోను నంబరు. పేర్లు వస్తున్నంతసేపూ ఆ పట్టీ కదల్లేదు. తెరలు రాసినవాళ్ళ పేర్లు వచ్చాయి. కింది వరుస మొత్తం పట్టీ కింద ఉంది. మూడు పేర్లూ లేవు.

లేచి సుధాకర్ వైపు తిరిగాను. 

"ఆ పట్టీ కింద ఎవరి పేరుందో తెలుసా నీకు?" అన్నాను.

అతను నవ్వబోయాడు. "మేడమ్, ఇన్నాళ్ళు కష్టపడ్డాను. నా పేరు ఒక మూల ఉండొద్దా? అయినా అవన్నీ చిన్నవాళ్ళ పేర్లండీ. ఎవరు చదువుతారు?"

ఎవరు చదువుతారు అట! ఆ పేరు చదవడానికి మా అమ్మ పట్టుచీర కట్టుకుందని ఆ ఇల్లు అదిరిపోయేలా చెప్పాను. నువ్వు దాచిపెట్టేది హీరోల కోసమేనా, తెర రాసినవాడు మనిషి కాడా అన్నాను. కంపెనీవాళ్ళు కత్తిరించి చేసిన పని నువ్వు పట్టీ కట్టి చేశావు, నీకూ వాళ్ళకూ తేడా ఏమిటన్నాను. మాస్టారు తల దించుకున్నారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని "పోనీలే శారదా" అన్నారు. ఆ మాటకు ఇంకా మండింది. ప్రతిదానికీ పోనీలే అనబట్టే కదా బాబాయి అంత మాట అనగలిగాడు. ఇంటికెళ్ళే దారంతా ఆయనతో మాట్లాడలేదు. పాపం, ఆయన తప్పేమీ లేదు. అయినా మాట్లాడలేదు.

అక్కణ్ణుంచి బయల్దేరకముందే, పట్టీ తీసేసి మళ్ళీ చెయ్యమంటే, కంప్యూటర్‌లో చోటు చాలక అసలు రికార్డింగు తుడిచేశానన్నాడు. సరే, డిస్కు ఉంది కదా, మళ్ళీ ఎక్కిద్దామని అట్ట తెరిచాం. డిస్కు మధ్యలో రెండు వైపులా తన సెంటర్ స్టిక్కర్లు అంటించాడు! అరచేయంత స్టిక్కరు, మధ్యలో ఉండే పేరు కాగితం దాటి మెరిసే భాగం మీదకి వచ్చేసింది. ఈ డిస్కు మధ్య నుంచి అంచుకు ఆడుతుంది. సినిమా మొదలు, ఆ పేర్లు, సరిగ్గా ఆ స్టిక్కరు అంచు కిందే ఉన్నాయి. మిషన్‌లో పెడితే గిర్రున తిరిగి ఆగిపోయింది.

"గిదేం పని సుధాకర్? నీ దుకాణం బోర్డు గిక్కడ ఏసినవా?" అన్నాడు లక్ష్మారెడ్డి. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.  డిస్కు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు.

సుధాకర్‌కు అప్పుడు భయం వేసింది. వచ్చే ఆదివారం తీసేస్తానన్నాడు. చెప్పినట్టే వచ్చాడు, చేతిలో రంగుల్లో కలిపే థిన్నరు సీసాతో! స్టిక్కరు పైపొర పీకేశాడు, జిగురు మిగిలింది. దూదికి థిన్నరు అద్దుతుంటే నేను గది అవతలి నుంచి వచ్చి సీసా లాగేసుకున్నాను. మా ల్యాబులో తూకం మిషను మీద ప్లాస్టిక్ మూతను ఒకామె అలాగే తుడిచింది. క్షణంలో పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. ఈ డిస్కూ అలాంటి ప్లాస్టిక్కే.

"ముట్టుకోకు. ఇంకోసారి దీన్ని ముట్టుకోకు" అన్నాను.

యాదమ్మను కొబ్బరినూనె అడిగాను. దూదితో జిగురు మీద అద్ది, నానబెట్టి, వేలి కొసతో కొంచెం కొంచెంగా దొర్లించాను. తరవాత సబ్బు నీళ్ళు, తరవాత మెత్తటి పాత పంచె ముక్క, మధ్య నుంచి అంచుకే తుడవాలి. రెండు వైపులా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నా మెడ పట్టేసింది. ఎవ్వరూ అన్నానికి లేవలేదు. తిడుతూనే తుడిచాను అక్కయ్యా, ఏం దాచుకోవడం. సుధాకర్ అన్నీ విన్నాడు.

మిషన్‌లో పెట్టాం. మొదట ఆగింది. రెండోసారి గరగరమంటూ తిరిగి అందుకుంది. తెర మీద తెల్ల చుక్కలు ముందుకన్నా ఎక్కువయ్యాయి. అవి జిగురువి కావు, లోపలి కుళ్ళువి. ఈ నెల రోజుల్లో అంత పెరిగింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఆ పేరూ దక్కేది కాదు. నాన్న పేరు చుక్కల మధ్య నుంచి వచ్చింది. వీరభద్రంలో 'భ' దగ్గర ఒక తెల్ల మచ్చ ఉంది. అయినా చదవొచ్చు.

సుధాకర్ కంప్యూటర్‌ను అక్కడికే మోయించి, రెండో డిస్కుతో కలిపి మూడు వైపులూ నా కళ్ళ ముందే ఎక్కించాం. ఏ తీగ ఎక్కడ పెట్టాలో, ఏ బటను నొక్కాలో చెప్పించుకుని నేనే నొక్కాను. చివర్లో అతను మెల్లగా, సినిమా అంతా అయ్యాక ఆఖర్న తన పేరు పెట్టుకోవచ్చా అని అడిగాడు. నేను నోరు తెరవకముందే లక్ష్మారెడ్డి అన్నాడు: "వద్దు బిడ్డా. నా పేరు గూడ వద్దు. మనం జేసింది దాచుడే. సినిమా తీసినోళ్ళు వాళ్ళు."

ఈ ఉత్తరంతోపాటు ఆ డీవీడీ పంపుతున్నాను. అట్టల మధ్య పెట్టాను, వంచకు. అమ్మకు కన్ను పూర్తిగా కుదురుకున్నాకే పెట్టు. బాబాయిని పిలవాలో వద్దో అమ్మనే అడుగు. నన్నడిగితే పిలవమనే అంటాను, నా కోపం అలాంటిది. ఇంకొక పని. నాన్న మద్రాసు నుంచి రాసిన కార్డులు వెతికి, ఏ తెర రాశాడో ఎక్కడైనా ఉందేమో చూడు. ఒక పాటలో నది వెనక మబ్బులున్నాయి, అడుగున బల్లపరుపుగా. నాన్న మబ్బులు అలాగే ఉండేవి. నాకు నమ్మకమే, కానీ రాతలో కావాలి.

ఇంతవరకు రాసేసరికి తలుపు తట్టారు. సుధాకర్. ఇంతకుముందు చేసిన డీవీడీలన్నీ వేసి చూసుకున్నాడట. పదకొండు సినిమాలు, అన్నిటిలో పట్టీ కింద పేర్లు పోయాయట. డిస్కులు ఇంకా ఆడుతున్నప్పుడే అన్నీ మళ్ళీ చేస్తానంటున్నాడు. "పేర్లు మీరు చదవండి మేడమ్, ఒక్కటి కూడా పోకుండా నేను రాసుకుంటాను" అని నోటుబుక్కు చూపించాడు. మా ఆయన లోపలికి రమ్మంటున్నారు, కుర్చీ కూడా జరిపారు. నేను రమ్మనేదాకా రానని గుమ్మం బయటే నిలబడ్డాడు. నేనింకా అనలేదు. అంటానులే. కాసేపు నిలబడనీ.

అమ్మ పాదాలకు నా దండాలు చెప్పు. నన్ను దీవించమను. బావగారిని అడిగానని, పిల్లల్ని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. నువ్వు ఒంట్లో జాగ్రత్త.

నీ చెల్లెలు
శారద