కాకులు రాని డాబా

తెనాలి, నవంబరు 1994

పక్కింటి పెద్దాయనకి ఈరోజు పదోరోజు. డాబా మీద కాకికి ముద్ద పెట్టారు. ఒక్క కాకీ రాలేదు. సిమెంటు ట్యాంకు మీద, ఈ ఊళ్లో ఎన్నడూ చూడని పెద్ద పెద్ద కొంగలు నిలబడి ఉన్నాయి.

"ఆయనకేదో కోరిక మిగిలిపోయింది," అంటూ ఆయన భార్య ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. "కోరికా లేదు, మన్నూ లేదు అక్కయ్యా! కొంగల్ని చూసి కాకులు బెదిరాయి. రేపల్లె పొలాలన్నీ రొయ్యల చెరువులు చేసి, టపాకాయలు పేల్చి తరిమితే అవి ఎక్కడికి పోతాయి?"

"ఆయన చెప్పిందీ అదేగా తమ్ముడూ! మన పొలం చెరువు చెయ్యొద్దని పోయేదాకా మొత్తుకున్నారు." కొడుకు వైపు తిరిగింది. "తవ్విన చెరువు పూడ్పిస్తానని పైకి అనరా. మాటిస్తే కాకి ముడుతుంది."

ఇలాంటి నమ్మకాల మీద జీవితమంతా విరుచుకుపడ్డవాణ్ణి. అయినా "అనరా!" అని నేనూ అరిచాను. వాడు విసవిసా మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం చెరువు దగ్గరి టపాకాయలు తెచ్చి డాబా మీద పేల్చాడు. కొంగలు లేచి మా డాబా మీద వాలాయి. ముద్ద మాత్రం అలాగే ఉంది.

ఇది రాస్తుంటే నా తల పైన, డాబా మీద కొంగల ముక్కులు టకటకమంటున్నాయి. మాట ఇవ్వాల్సింది నేను కాదు కదా...