కెప్టెన్ ఫణీంద్ర గారి మీద నేను పెట్టిన సంతకం

హుకుంపేట,
గురువారం.

అమ్మా బేబీ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగున్నాం. నువ్వు కూడా హాస్టల్లో వేళకు తింటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. గదిలో ఎవరూ లేనప్పుడు చదువుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. అయినా కాఫీ పళ్లు కోయడానికి కొండ మీదికి పంపడం లేదు. చోడి చేను కోత అయిపోయింది. పోయిన వారం జీపులో మనింటికి వచ్చిన ఆవిడ ఎవరు, అమ్మ ఎందుకు ఏడ్చింది అని అడిగావు. సుక్రు మామ నీకు ఫోన్ చేశాడన్నమాట.

ఆవిడ సరళ గారు, భీమిలి నుంచి వచ్చారు. కెప్టెన్ ఫణీంద్ర గారి భార్య.

ఆ పేరు నీకు తెలుసు. నేను ఓడలో వంట చేసిన రోజుల్లో ఆయన మా కెప్టెన్. సముద్రపు దొంగలతో చేతులు కలిపాడని పరాయి దేశంలో రెండేళ్లు జైల్లో ఉన్నారు. తిరిగొచ్చాక ఆయనకు ఏ ఓడలోనూ పని దొరకలేదు. మన సంతలో 'దొంగ కెప్టెన్' కథ ప్రచారం చేసింది కూడా నేనే.

జరిగింది వేరు. పద్నాలుగేళ్ల కిందట ఆఫ్రికా తీరానికి మూడు రోజుల దూరంలో ఉండగా మాకొక చేపల పడవ కనిపించింది. దొంగలు దాన్ని లాక్కుని వాడుకుని, ఇంజను పగలగొట్టి వదిలేశారు. అందులో తొమ్మిది మంది జాలర్లు. నాలుగు రోజులుగా మంచినీళ్లు లేక పెదాలు పగిలి ఉన్నారు. ఆగొద్దని కంపెనీ వాళ్లు రేడియోలో గట్టిగా చెప్పారు. కెప్టెన్ గారు ఓడ ఆపించి నా వైపు తిరిగారు.

"సోంబరూ, గంజి కాయి. పల్చగా. బేగి!"

ఆ తొమ్మిది మందికీ నా చేత్తోనే గంజి పట్టాను. పడవకు తాడు కట్టి రేవు దాకా లాక్కొచ్చాం. అక్కడ పోలీసులు వెతికితే వలల కింద తుపాకులు దొరికాయి. దొంగలు వదిలేసి పోయినవి. జాలర్లను ఎక్కడికో తీసుకుపోయారు, మళ్లీ కనబడలేదు. ఆ సాయంత్రమే కెప్టెన్ గారికి సంకెళ్లు వేశారు. దొంగలతో ముందే మాట్లాడుకుని ఆయన ఓడ ఆపాడని, నేరం తమ మీదికి రాకుండా మర్నాడు కంపెనీ మనిషి కాగితం రాసి తెచ్చాడు. ఓడలో పనిచేసే మేం పదకొండు మందిమీ సంతకాలు పెట్టి ఇళ్లకు వచ్చేశాం.

సరళ గారు మన అరుగు మీద కూర్చుని చెప్పారు, ఇన్నేళ్లు తిరగ్గా తిరగ్గా విశాఖలో ఓడల శాఖ ఆఫీసరు ఒకరు ఆయన ఫైలు మళ్లీ తెరిచారట. మంగళవారం సాయంత్రం లోపు ఓడ మనిషి ఒక్కడైనా వచ్చి చెప్పకపోతే మూసేస్తారట.

"నీకు ఇంగ్లీషు రాదు కదా సోంబరూ. ఏటి రాశారో తెలీక సంతకం పెట్టేనని చెప్పు. అంతే చాలు" అన్నారు.

మీ అమ్మ అడ్డుపడింది. "ఈడు కావాలని పెట్టలేదమ్మా! అప్పుడు మా గుంట బేబీ పాడేరు ఆసుపత్రిలో మెదడు జొరంతో సావుబతుకుల మీదుంది. బేగి ఇంటికి రావాలని పెట్టేసేడు. ఇప్పుడెళ్తే జైల్లో ఏసెత్తారు. గుంట సదువేటవుద్ది?" అని ఏడ్చింది.

శనివారం ఎవరో ఫోన్ చేశాడు, పేరు చెప్పలేదు. "పాత సంగతులు నీకెందుకు? కూతురు నర్సింగు చదువుతోంది కదా" అన్నాడు. నీ కాలేజీ పేరు కూడా చెప్పాడు. రెండు రోజులు నాకు అన్నం దిగలేదు.

అయినా మంగళవారం మొదటి బస్సుకి విశాఖ వచ్చాను. నువ్వు ఆ ఊళ్లోనే ఉన్నా చూడకుండా వెళ్లిపోయానని కోపం తెచ్చుకోకు. నీ ముఖం చూస్తే మనసు మార్చుకుంటానేమోనని భయపడ్డాను.

ఆఫీసు వరండాలో బెంచీ మీద కెప్టెన్ గారు ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది, చేతిలో కర్ర. నన్ను తిడతారనుకున్నాను.

"ఏటి సోంబరూ, నీ గుంట ఏటి సదువుతోంది?" అన్నారు.

"నర్సింగు సార్."

"మంచిది. లోపల ఇంగ్లీషు రాదనే చెప్పు. నీ మీదికేటీ రాకూడదు."

లోపల ఆఫీసరు కాగితం చూపించి, ఇందులో ఏముందో తెలియకుండా సంతకం పెట్టావా అని అడిగారు.

"తెలిసే పెట్టాను సార్. హిందీలో రెండుసార్లు చెప్పారు. అది అబద్ధమని కూడా తెలుసు."

ఆయన కలం ఆపారు. "ఇది రాస్తే నీ మీద కేసు పెట్టొచ్చు. ఆలోచించుకో."

"రాయండి సార్."

"మరి ఎందుకు పెట్టావు?"

బేబీ, నీ జ్వరం మాట నా నాలుక చివరే ఉంది. మీ అమ్మకీ నీకూ ఇన్నేళ్లూ అదే చెప్పాను. నువ్వూ పోయిన ఉత్తరంలో 'నువ్వు ఆ సంతకం పెట్టింది నా వల్లే కదా నాన్నా' అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

నీ వల్ల కాదు తల్లీ. నువ్వు కళ్లు తెరిచావని, జావ తాగావని నేను సంతకం పెట్టడానికి ముందురోజే కబురు తెలిసింది. కెప్టెన్ గారే తన ఫోన్ నా చేతికిచ్చి మాట్లాడించారు. నాకంటే ఎక్కువ సంబరపడి నా వీపు తట్టారు. ఆ తర్వాత గంటకే పోలీసులు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. మర్నాడు ఆ కాగితం మీద మొదటి సంతకం నేనే పెట్టాను. నన్నూ జైల్లో వేస్తారన్న భయంతో పెట్టాను, అంతే. నన్ను చూసి మిగతావాళ్లు పెట్టారు.

ఇదంతా ఆఫీసరుకు చెప్పాను. పక్క కుర్చీలో కెప్టెన్ గారు తలవంచుకుని విన్నారు. నేను సంతకం పెట్టింది నీ జ్వరం వల్ల కాదని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

బయటికొచ్చాక ఆయన కాళ్లు పట్టుకోబోతే లేపేశారు. నా భుజం పట్టుకుని మెట్లు దిగారు.

ఈ ఉదయం సరళ గారు ఫోన్ చేశారు. ఆయన మీద పడిన నింద కొట్టేయమని ఆఫీసరు పైకి రాశారట. నా మీద కేసు సంగతి ఇంకా తెలీదు. మీ అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నిన్న సుక్రు ఇంటి ముందు నలుగురూ ఉండగా అంతా చెప్పేశాను.

"అయితే ఇన్నాళ్లూ మాకు సెప్పిందంతా అబద్ధమేటిరా?" అన్నాడు సుక్రు.

"అబద్ధమే" అన్నాను. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

రేపు నీ కాలేజీకి ఎవరైనా వచ్చి అడిగితే దాచకు. మా నాన్న భయపడి అబద్ధానికి సంతకం పెట్టాడని చెప్పు. తర్వాత వెళ్లి నిజం ఒప్పుకున్నాడని కూడా చెప్పు. రెండూ చెప్పు.

ఇట్లు,
ఇన్నేళ్లూ నీ జ్వరం చాటున దాక్కున్న
మీ నాన్న,
సోంబరు