చిట్యాలలో చూసిన ఇల్లు

చిట్యాల, 1949

అమ్మా, జ్వరం తగ్గింది, నా గురించి ఫికరు పెట్టుకోకు. రజాకార్లు మన ఇల్లు కాల్చాక నువ్వు మోత్కూరులో అక్క దగ్గర, నేనిక్కడ కిరాయి గదిలో అయిపోయాం. మొదటిసారి ఇల్లు కొందామని నిన్న ఒకటి చూడబోయాను. ఇంకో మూడు కుటుంబాలు వచ్చాయి. ఇల్లు అమ్మే నర్సింగమ్మ పొయ్యి వెలిగిస్తే, ఆ కుటుంబాల ఆడవాళ్లు ఒక్కొక్కరే దాని ముందు కూర్చొని పొగ ఎటు పోతుందో చూశారు. నా వెంట ఎవరూ లేక నేనే కూర్చున్నాను. అందరూ నవ్వారు.

"ఒక్కనివి, నీకు గింత ఇల్లెందుకు బిడ్డా?" అంది నర్సింగమ్మ.

"మా అమ్మ వస్తది" అన్నాను.

ఆదివారం దాకా ఎవరికీ మాటివ్వనంది.

బర్రె ఈనిందా? మన రోలు బూడిదలోంచి తీయించారా? అక్కకు, బావకు దండాలు. రానని మళ్లీ రాయించకు. ఆ పొయ్యి పొగ కంట్లోకి రాదమ్మా, నేను కూర్చొని చూశాను.

నీ కొడుకు
ఎల్లస్వామి