కుర్చీ కింద పని

జూన్ 3
మతిమరుపుకి మందు లేదట. రోజూ ఏదో ఒకటి రాయమంది డాక్టరమ్మ. నేర్చుకున్నది వాడకపోతే పోతుందట. నా చదువు రెండో తరగతి. తప్పులుంటే ఉంటాయి. చూసేవాడెవడు.

జూన్ 4
రాశాను.

జూన్ 6
అసలు సంగతి ఇది. మా ఆవిడ కేన్ కుర్చీ సీటు తెగింది. కుర్చీలు అల్లే బతికినవాణ్ణి. నిలువు వేశా, అడ్డం వేశా. ఐమూలగా వేసే వరసకొచ్చేసరికి చెయ్యి ఆగింది. బెత్తం ఏ చిల్లులో దింపాలో తెలుసు. ఎందులోంచి పైకి రావాలో తెలీదు. అల్లిందంతా విప్పా. కూతురు చూసి, షాపు తాళాలిచ్చెయ్ నాన్నా, అద్దెకిద్దాం అంది. ఇంకా చావలేదన్నా.

జూన్ 7
మళ్లీ అల్లి చూశా. ఐమూల రాలేదు. అన్నం సయించలేదు.

జూన్ 9
మా ఆవిడ అంటుంది కదా, మరిచిపోవడానికి మీకెప్పుడొచ్చు గనక, కింద పడుకుని లాగింది మా తమ్ముడు కాదూ అని. ఒళ్లు మండింది. తీరిగ్గా ఆలోచిస్తే నిజమే. నేను పైనుంచి దింపేవాణ్ణి. బావమరిది కింద పడుకుని లాగి, ఇంకో చిల్లులోంచి పైకి తోసేవాడు. ఎలా చేసేవాడో ఏనాడూ వంగి చూడలేదు. షాపు బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర చెడింది మాకు. నాదే ఉండాలి. ఇప్పటికీ అదే అంటా.
డాక్టరమ్మకి చెప్పాలి. రానిదాన్ని కూడా మరిచిపోయామనుకుంటారు మనుషులు.

జూన్ 10, ఉదయం
వాడింటికి వెళ్లను.

సాయంత్రం
వెళ్లా. బతికే ఉన్నావా బావా అన్నాడు. నిన్ను సాగనంపాకే పోతానన్నా. సంగతి చెప్తే, పేరు ముందున్నవాడికి పని రాదా అన్నాడు. లేచొచ్చేద్దును. వాళ్లావిడ అప్పటికే టీ చేతికిచ్చేసింది.

జూన్ 12
వచ్చాడు. మోకాళ్లు వంగవట. నన్ను పడుకోమన్నాడు. ఈ వయసులో వీడి కాళ్ల దగ్గర! పడుకున్నా. పైన కూర్చున్నాక వాడికీ చెయ్యి ఆడలేదు. పైపని వాడికి రాదు. నేను కిందనుంచి తిట్టా, వాడు పైనుంచి తిట్టాడు. కిటుకు మూల దగ్గరుంది. మూల చిల్లులోకి బెత్తం రెండుసార్లు పోవాలి. అంతే. ఇంతోటి దానికి ఇన్నేళ్లు.
మా ఆవిడ కుర్చీలో కూర్చుని చూసింది. కూతురు తాళాల ఊసెత్తలేదు.

జూన్ 15
ఇంకో కుర్చీ వచ్చింది. ఒక్కణ్ణే అల్లా. మూల దగ్గర చెయ్యి ఆగలేదు. పూర్తయ్యాక సగం విప్పేశా.
ఐమూల మళ్లీ మరిచిపోయానని వాడికి కబురు పెట్టా.