కొట్టంలో లేని ఎద్దు

బెంగళూరు,
జూలై 2009

రామదాసన్నా,

ఫోన్లో అయితే ఇద్దరం గొడవ పడతామని రాస్తున్నాను. నాయన కంటి ఆపరేషన్‌కు అనంతపురంలో ఉన్నప్పుడు నువ్వు ఎర్రెద్దును మడకశిరకు, మామ ఇంటికి తోలావు. మేత లేక తోలావు, తప్పనను. నాయనకు మాత్రం చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఎద్దును కట్టే పలుపు పట్టుకుని కొట్టంలో నిలబడుతున్నాడట. "యాడో మేతకు పోయుండాదిలే, వస్తాది" అని నువ్వంటే, ఏ పనీ ముట్టకుండా అక్కడే ఉంటున్నాడని వదిన చెప్పింది.

"నీ ఉద్యోగమేంది పాపా?" అని అడిగావు కదా, ఇదే. ఒకే కంప్యూటర్‌ను నాలుగు కంప్యూటర్లుగా నడిపే ప్రోగ్రాం మాది. మెమరీ చాలకపోతే ఆ నాలుగింటి, అంటే లోపలి సిస్టమ్‌ల, మెమరీ ముక్కలు కొన్ని తీసి డిస్క్‌లో పెడుతుంది; ఆ ముక్కల్నే పేజీలంటాం. వాటికి చెప్పదు. లోపలి సిస్టమ్ ఆ పేజీ కోసం వస్తే, ఎందుకాగిందో తనకే తెలియకుండా ఆగిపోతుంది. ఇప్పుడు మేం ఒక కబురు చేరుస్తున్నాం: నువ్వడిగింది ఇక్కడ లేదు, తెప్పిస్తున్నాను, అంతలో వేరే పని చూసుకో. తెచ్చాక ఇంకో కబురు పోతుంది.

నాయనకూ ఆ కబురే చెప్పు: ఎద్దు మామ ఇంట్లో ఉంది, తెప్పిస్తానని. విత్తనం శెనక్కాయలు ఒలిచే పనైనా చూసుకుంటాడు.

నిన్న మామకు ఫోన్ చేశాను. ఎద్దు ఎట్లుందని అడిగితే, "వానలు పడనీ పాపా, చూద్దాం" అన్నాడు. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు.

అన్నా, తిరిగి రాని పేజీకి మేం తెప్పిస్తున్నామన్న కబురు పంపం. ఎద్దు మామ దగ్గర లేకపోతే, నాయనకు లేదనే చెప్పు. పలుపు కింద పెట్టడానికి ఆయనకు ఆ ఒక్క మాట కావాలి.

నీ చెల్లెలు