నాలుగు గనగళ్ల ఆర్‌లు

పుణె,
ఆదివారం.

భావనపాడులో ఉన్న పార్వతక్కకి చెల్లి గౌరి నమస్కారాలు.

నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోకు, ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ ముసురు పట్టుకుంది. ఉతికిన బట్ట మూడు రోజులైనా ఆరడం లేదు. ఏ పూట చూసినా చపాతీలే. నువ్వు పంపిన నెత్తళ్ల ఎండుచేపలు వేయిస్తే ఇల్లుగలావిడ తలుపులన్నీ బార్లా తెరిచి నావైపు అదోలా చూసింది. ఇంక పంపకు. కారం మాత్రం పంపు.

ఆరోజు ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నేను అరిచాను. సంగతి సగంలోనే ఉండిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

బావవాళ్లు పనిచేసే గుజరాత్ బోటు యజమానుల సంఘం వెబ్‌సైట్ మా కంపెనీయే చేసిందని నీకు తెలుసు కదా. పేజీకి ముందు ఒక అచ్చు తయారుచేస్తాం, దాన్ని టెంప్లేట్ అంటారు. అందులో ‘ఒడ్డుకు చేరినవాళ్ల జాబితా ఇక్కడ పెట్టు’ అని చెప్పడానికి మేమే ఒక మాట కల్పించుకుంటాం. అది ట్యాగ్. ఆ జాబితాలో పేరు ఎలా కనబడాలో సరిచేసి వదిలేది ఫిల్టర్, జల్లెడ అనుకో. మా టీమ్ లీడ్ నిఖిల్ గారు రాసిన ఫిల్టర్, ఫోన్ తెర మీద పట్టాలని, పేరులో మొదటి మాట ఉంచి రెండో మాటకి ఒక్క అక్షరమే మిగులుస్తుంది. వాళ్లవైపు మనిషి పేరు ముందు, ఇంటిపేరు చివర. కాబట్టి వాళ్లకి సరిపోయింది. మనకి ఇంటిపేరే ముందు, అది మిగిలి మనిషి పేరు ఒక్క ఇంగ్లీషు అక్షరమైపోతుంది. మీ వీధంతా గనగళ్లవాళ్లే!

నేను చేరిన నెలకే ఇది చూశాను. “సార్, మావాళ్ల పేర్లు ఇందులో పోతున్నాయి” అన్నాను.

“సంఘంవాళ్లు ఒప్పుకున్న డిజైన్ అది. పదకొండు పేజీల్లో వాడుతున్నాం. ముట్టుకోకు” అన్నారు.

మన జిల్లావాళ్లకి ఇంటిపేరు ఒక్క అక్షరమై, మనిషి పేరు పూర్తిగా వచ్చేలా వేరే ఫిల్టర్ రాసి చూపించాను. తర్వాత చూద్దామన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. మూడోసారి అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

అంతలో గుజరాత్‌వైపు సముద్రం పొంగింది. బావవాళ్లు అక్కడే చేపలవేటలో ఉన్నారు, ఎవరి ఫోనూ కలవడం లేదు. మధ్యాహ్నం సంఘంవాళ్లు ఒడ్డుకు చేరినవాళ్ల జాబితా ఎక్కించారు. గంటకి నీ ఫోన్.

“ఒసే గౌరీ, మీరు సేసిన పేజీయే కదే ఇది? నాలుగు గనగళ్ల ఆర్‌లు ఉన్నాయి. ఇందల మీ బావ ఏ ఆరే? సెప్పవే!”

నీ పక్కన మీ పక్కింటి ఎల్లమ్మత్త గొంతు వినబడుతోంది. “మా ముసిలోడూ అందల ఉన్నాడమ్మా, సూసి సెప్పు” అంటోంది.

సైట్ లోపల మాకు మాత్రం పూర్తి పేర్లు కనబడతాయి. తెరిచి చదివాను. రమణ, రాములు, రాజు, రామస్వామి. రామస్వామి అని బావ పేరు చదవగానే, బతికే ఉన్నాడని నువ్వు ఘొల్లుమన్నావు. అప్పుడు ఎల్లమ్మత్త ఫోన్ లాక్కుంది.

“మరి మా రాజయ్యో?”

“పేరు లేదత్తా.”

“లేదంటే ఏటమ్మా? ఇందాకా ఉన్నాడు కదా! ఆర్ అని ఉన్నాది కదా!”

గంట నుంచి ఆవిడ ఆ అక్షరాన్ని చూసుకుని మొగుడు బతికున్నాడని ధైర్యంగా కూర్చుంది. ఆ ధైర్యం నా నోటితోనే తీసేశాను.

ఫోన్ పెట్టేసి, ఎవరినీ అడగకుండా నా ఫిల్టర్ పేజీకి ఎక్కించేశాను. కాసేపటికే నిఖిల్ గారు నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

“ఎవరిని అడిగి మార్చావు?”

“సార్, మా ఊళ్లో ఆడవాళ్లు...”

“కారణం అడగలేదు. ఎవరిని అడిగావు అని అడుగుతున్నాను.”

మర్నాడు రాజయ్య మావ వేరే బోటులో క్షేమంగా ఒడ్డుకు చేరాడు. ఆ సాయంత్రమే పాత ఫిల్టర్ మళ్లీ పెట్టేశారు. అందరి ముందూ నా చేత క్షమాపణ కాగితం రాయించారు. ఉద్యోగం పోలేదు, భయపడకు. కాని ఇదేం న్యాయమక్కా? తప్పు చూపించినప్పుడు వినలేదు, సరిచేస్తే తప్పన్నారు.

సంఘంవాళ్లు రాతపూర్వకంగా అడిగితే మారుస్తారట. అందుకని ఒక పని చెయ్యి. మీ వీధిలో ఆడవాళ్లందరి చేతా సంఘానికి ఒక అర్జీ రాయించు, జాబితాలో మనిషి పేరు పూర్తిగా ఉండాలని. సంతకాలు రానివాళ్ల చేత వేలిముద్రలు వేయించు. బావ వచ్చేదాకా ఆగకు.

రాజయ్య మావ క్షేమమని తెలిశాక కూడా ఎల్లమ్మత్త నా పేరెత్తితే లేచి వెళ్లిపోతోందన్నావు. ఆవిడని బలవంతం చెయ్యకు. కోపం కొంచెం తగ్గాక మాత్రం ఒక్కసారి ఫోన్ చేతికివ్వు. తిడితే వింటాను.

అమ్మకి, మీ అత్తగారికి నా దండాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉంచండి.

నీ చెల్లి,
గౌరి