నది ఒడ్డు సత్రం, మేడ మీది గది: ఎవరికి ఏది

తాళాల కొట్టు నడుపుకునే నేను, వీధిలో అందరూ "రసీదు" అని పిలిచే మనిషిని, ఈ వీలునామాను నా చేత్తో రాస్తున్నాను. మంచాన పడ్డాను గాని మతి పడలేదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టబోయిన ఒక్కడినీ మెట్ల మీదనుంచే పంపేశాను. నాకు భార్యాపిల్లలు లేరు. ఇంతకు ముందు వీలునామా ఏదీ రాయలేదు.

1. కింది కొట్టు, తాళంచెవులు కోసే మిషను, బ్యాంకులో ఉన్నది మొత్తం నా చెల్లెలికి. ఆమె నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. అందుకే ఇస్తున్నాను.

2. ఈ వీలునామాను అమలు జరపవలసినవాడు నా స్నేహితుడు, లారీ డ్రైవరు. నా చేతుల కుర్చీ అతనికి. అతను కూర్చున్నా విరగనిది ఈ ఇంట్లో అదొక్కటే.

3. ఇది చదివే అధికారికి ఆట సంగతి తెలియాలి కాబట్టి రాస్తున్నాను. పదకొండేళ్ల పాటు ఆదివారాలు మేడ మీది గదిలో నలుగురం ఒక ఆట ఆడాం. ట్యూషన్లు చెప్పే నా తమ్ముడు కథ నడిపేవాడు. డ్రైవరు, నా మేనకోడలు, నేను ఆ కథలో మనుషులం. ఏం చేస్తామో మేం చెబుతాం, అవుతుందో లేదో పాచికలు చెబుతాయి. డ్రైవరు కథలో దొరికిన బంగారంతో కత్తులు కొన్నాడు. నేను నా వాటాతో నది ఒడ్డున పాడుబడ్డ సత్రం కొన్నాను. కప్పు వేయించాను. వంటమనిషినీ, కుంటికాలి గుర్రాలవాడినీ పెట్టుకున్నాను. కొట్టు లెక్క రాసినట్టే సత్రం లెక్కా రాశాను. "లేని మనుషులకి జీతాలేంటి అన్నయ్యా" అని తమ్ముడు నవ్వేవాడు. ఉన్న మనుషులకైనా అతను సరిగా జీతాలిచ్చిన దాఖలా లేదు.

సత్రానికి లాభం రాసాగింది. అది అతనికి కంటగింపైంది. మొదట దొంగలు పడ్డారు, తర్వాత రాజుగారి పన్ను, ఆపైన వరద. తలుపులకు తాళాలు వేయించాను, పన్ను కట్టాను, గట్టు పోయించాను. నెలనెలా సత్రానికి ఏం జరిగేదీ అతను మాకు కనబడకుండా తన ముందు నిలబెట్టుకునే అట్ట వెనక పాచిక వేసి చెప్పాలని మా ఒప్పందం. ఏం పడినా నోరెత్తలేదు. పాచిక మీద అలగడం వాన మీద అలగడం లాంటిది.

ఒక ఆదివారం సత్రం కాలిపోయిందన్నాడు. గుర్రాలవాడు లోపలే ఉండిపోయాడన్నాడు. తాళం లోపలి చప్పుడు విని బతికినవాడిని నేను. అట్ట వెనక పాచిక పడలేదు. వెయ్యమన్నాను. "వేశాగా" అన్నాడు. మేనకోడలు "వెయ్యలేదు చిన్న మావయ్యా" అంది. అప్పుడు విసుక్కున్నాడు. "డబ్బు అలా రాలుతుంటే ఈయన గుమ్మం దాటుతాడా? అందరూ గల్లాపెట్టె ముందు కూర్చుంటే నేను కథ ఎక్కడ నడపను? అయినా ఆ చచ్చినవాడికి పేరు కూడా లేదు, ఏడవడానికి."

అతని బాధలో నిజం లేకపోలేదు. అడిగి ఉంటే మందు చెప్పేవాడిని. వ్యాపారం ఉన్నవాడు ఇంట్లో కూర్చోగలడని ఎవరు చెప్పారు? పిండి బండి దారిలో మాయమైతే వెతుక్కుంటూ వెళ్లాలి. అవతలి ఒడ్డున ఇంకొకడు సత్రం పెడితే వాడి సంగతి చూడాలి. వంటమనిషి అలిగి వెళ్లిపోతే బతిమాలి తెచ్చుకోవాలి. లాభాన్ని తినడానికి నిప్పు అక్కర్లేదు, కప్పు కారితే చాలు. పదకొండేళ్లు కథలు చెప్పిన మనిషికి చివరికి అగ్గిపెట్టె ఒక్కటే తోచింది.

ఆట ఆనాటితో ఆగిపోయింది. నేను మంచాన పడ్డాక వచ్చాడు. పలకరించడానికేమో అనుకున్నాను. నా టేపు తీసుకుని మేడ గది కొలవబోయాడు. ట్యూషన్‌కి సరిపోతుందట, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు.

4. మేడ మీది గది, బల్ల, దీపం, పాచికలు, అట్ట, సర్వహక్కులతో నా మేనకోడలికి. ఆ గదిలో నా తమ్ముడికి అడుగు మేర హక్కు లేదు. పన్నెండేళ్ల పిల్లగా, పడవ నడిపే మనిషి వేషంలో ఆమె ఆటలోకి వచ్చింది. మొదటి సంపాదనతో నా గుర్రాలవాడికి జోళ్లు కొనిపెట్టింది. అది నాకు ఎంత నచ్చిందో ఆమెతో ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఇకపై ఆట నడిపేది ఆమె. ఆ అగ్నిప్రమాదం చెల్లదు. సత్రం నిలిచే ఉంది. గుర్రాలవాడు బతికే ఉన్నాడు. పడని పాచికకు ఎవరూ చావరు.

5. నది ఒడ్డు సత్రం, గల్లాపెట్టెతోనూ జీతాల బాధ్యతతోనూ సహా, నా తమ్ముడికి. అతను ఆదివారాలు వచ్చి అట్టకు ఇవతల, నేను కూర్చున్న చోట కూర్చోవాలి. రాకపోతే సత్రం గుర్రాలవాడిది. నెలనెలా అట్ట వెనక పాచిక వేసేది మేనకోడలు. సత్రం సంగతి ఆమెకు చెవిలో ఒక మాట చెప్పాను. కాల్చమన్నానో వద్దన్నానో ఇందులో రాయను. తమ్ముడు ఆమెను అడగవచ్చు, ఆమె చెప్పదు. ప్రతి నెలా ఆ అట్ట వైపు చెవులు రిక్కించి కూర్చోవడం అతనూ నేర్చుకుంటాడు.

తేదీ: 14 మార్చి 2022

(సంతకం) రసీదు, తాళాల కొట్టు

మా ఎదుట, ఆయన తెలివిలో ఉండగా చదివి సంతకం చేశారు:
సాక్షి 1: ఎదురు కొట్టు టైలరు (సంతకం)
సాక్షి 2: మందుల షాపు యజమాని (సంతకం)